అయస్కాంతాలు పీకేసిన చక్రం

తనంతట తానే తిరుగుతున్న చక్రాన్ని కళ్లారా చూస్తూ కూడా, అది ఎందుకు తిరుగుతోందని అడగగలిగినవారు మీలో ఎందరు?

నేను కావలిలో బి.ఏ. చదువుతూ, కాలేజీ చర్చావేదికలో వాదించడం నేర్చుకుంటున్న రోజులవి. అరవయ్యో దశకం అప్పుడే మొదలైంది. మా మేనమామది, నేను పుట్టి పెరిగినదీ బోగోలుకు తూర్పున, సముద్రం పక్క ఊరు. అక్కడికి కరెంటు ఇంకా రాలేదు. బావి కింద మిరపతోటకు ఆయన ఎద్దులతోనే నీళ్లు తోడేవాడు. ఆయనకూ, బిట్రగుంటలో సైకిల్ షాపు నడిపే ఆయన స్నేహితుడికీ ఒకే కోరిక పట్టుకుంది: కరెంటు గానీ నూనె గానీ అక్కరలేకుండా, కేవలం అయస్కాంతాల బలంతో తిరిగే మోటారు చేయాలని.

పాడైపోయిన రేడియో స్పీకర్లలోంచి, సైకిల్ డైనమోల్లోంచి అయస్కాంతాలు ఊడదీశారు. ఒక సైకిల్ చక్రాన్ని చెక్క స్టాండుకు నిలబెట్టి, చుట్టూ కిరసనాయిలు డబ్బా రేకుతో ఏటవాలు గూళ్లు చేసి, గూటికొక అయస్కాంతం బిగించారు. ఎదురుగా ఒక చట్రంలో మరికొన్ని అమర్చారు. అవి నెడితే ఇవి కదలాలి. వాళ్ల సిద్ధాంతమంతా అదే. కొన్ని నెలల పాటు ఆ చక్రం వణికేది, ఊగేది, ఎక్కడో ఒకచోట అతుక్కుని ఆగిపోయేది. విసిగిపోయి చట్రాన్ని జానెడు వెనక్కి జరిపిన రోజు మాత్రం తిరిగింది. సాయంత్రం దాకా తిరిగింది.

మా చర్చిలో కోతల పండుగకు ఎవరి పంటలో తొలి భాగం వారు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. ఈసారి ఈ చక్రాన్నే అర్పిస్తానని మామ పాస్టరు అయ్యగారితో చెప్పేశాడు. అంతటితో ఆగక, పండుగ మరునాడే వచ్చి ఎద్దులను తోలుకుపొమ్మని పొరుగూరి రైతుకు కబురు పెట్టాడు. పండుగకని వచ్చిన నాకు అత్త ఈ సంగతులన్నీ గుమ్మంలోనే చెప్పింది.

"మీ మామ ఎద్దులకు రిటైరుమెంటు ఇచ్చినాడు పాపా. ఇంక మిరపతోటకు నువ్వూ నేనూ కడవలెత్తాల."

మధ్యాహ్నం భోజనాలయ్యాక, సముద్రం వైపు తెరిచి ఉన్న తాటాకు పంచలో చక్రాన్ని చూశాను. నిజంగానే తిరుగుతోంది. నిజం చెప్పాలంటే, నాకు ఒళ్లు పులకరించింది. ఉదయం పూట ఎందుకు తిరగదని అడిగితే, అయస్కాంతాలు ఎండ తగిలితే గానీ నిద్ర లేవవని సైకిల్ షాపు అన్న వివరించాడు. దాన్ని ఖండించేంత సైన్సు నాకు రాదు. అయితే, ఏ పక్షాన నిలబడినా, దాన్ని ఎప్పుడు వదులుకుంటావో ముందుగా చెప్పాలని చర్చావేదికలో మాకు నేర్పారు. మామను అదే అడిగాను.

"మామా, ఏం జరిగితే ఇది అయస్కాంతాల బలం కాదని ఒప్పుకుంటావు?"

ఆయన చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"అయస్కాంతాలన్నీ పీకేసినా తిరిగితే ఒప్పుకుంటా. యాడ తిరగతాది? పీకి చూద్దాం."

ఇన్ని నెలల శ్రమ పాడవుతుందని సైకిల్ షాపు అన్న అడ్డుపడ్డాడు. మామ అప్పటికే స్పానరు అందుకున్నాడు.

"పాప అడిగింది గదన్నా. చూడకుండా ఎద్దుల్ని ఎట్టా పంపించేది?"

గూళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఎదుటి చట్రాన్ని ఇంట్లో పెట్టి వచ్చారు. మామ చేయి తీయగానే చక్రం తిరగడం మొదలుపెట్టింది. మునుపటికంటే వేగంగా తిరిగింది. మజ్జిగ తెచ్చిన అత్త కాసేపు నిలబడి చూసింది.

"బరువు దించితే దూడ మాదిరి పరిగెత్తతా ఉండాదే."

మామ భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా పట్టుకుని చక్రానికి అడ్డంగా నిలిపాడు. తువ్వాలు తెరచాపలా ఉబ్బింది. చక్రం మెల్లగా నెమ్మదించి ఆగింది. తువ్వాలు తీశాడు, తిరిగింది. మళ్లీ అడ్డం పెట్టాడు. మూడోసారికి ఆయనకు నవ్వు ఆగలేదు. అన్న నేలమీద కూలబడి నవ్వాడు. భోజనాల వేళకు సముద్రం మీదినుంచి రోజూ వచ్చే ఆ గాలిలోనే మేమంతా పుట్టి పెరిగాం. మా దృష్టిలో అది గాలి కాదు, మధ్యాహ్నం. అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎద్దులు ఇవ్వడం లేదని మామ ఆ సాయంత్రమే కబురు పంపాడు. చక్రాన్ని మాత్రం పండుగకు మోసుకెళ్లాడు. సముద్రపు గాలి అందుకునే దాకా ఆరాధన సాగింది. ఆ తరువాత దాన్ని చర్చి అరుగుమీద నిలబెట్టి, అయస్కాంతాలు ఉంటే వేగమా, లేకుంటే వేగమా అని సంఘాన్ని అడిగాడు. అయస్కాంతాలు ఉంటేనే వేగమని అందరూ అన్నారు, అయ్యగారితో సహా. మామ తువ్వాలు తీసి, తాను మోసపోయిన తీరును వరుసగా చేసి చూపించాడు. అంత సంతోషంగా ఓడిపోయిన వక్తను ఏ పోటీలోనూ నేను చూడలేదు. వేలంలో ఆ చక్రాన్ని ఒక రైతు జొన్నచేనులో పిట్టలను తోలడానికి పాడుకున్నాడు.

మీ వీధిలోనూ ఇటువంటి యంత్రంతో తంటాలు పడేవారు ఒకరైనా ఉంటారు. ఈ వారమే వారి దగ్గరకు వెళ్లండి. ఎగతాళి చేయకండి, చప్పట్లూ కొట్టకండి. దేన్ని తీసేస్తే ఆగుతుందో అడగండి. తీసి చూసేటప్పుడు, మీరూ ఒక చేయి వేయండి.