కొత్తకోటలో ఏసీ లేదు

మా అత్తగారి వైపు వాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. నల్లగొండ ఎండకు కంప్యూటర్ తట్టుకోలేకపోయిందట. వదిన, అంటే నేను, దాని మూత విప్పి ఇంకాస్త పాడు చేసిందట. చివరికి మా మరిది దాన్ని కొత్తకోటకు తీసుకుపోయి తన సెంటర్లో ఏసీ కింద పెట్టాకే బాగుపడిందట. పెళ్ళిళ్ళలో విన్నాను, చావింట్లో పదకొండో రోజు భోజనాల దగ్గరా విన్నాను. నేను పక్క విస్తరి ముందు ఉన్నానని తెలిసే చెప్తారు, నవ్వుతూ చెప్తారు.

ఇందులో నిజం ఒక్కటే, కంప్యూటర్ కొత్తకోటకు పోయింది. మిగతాదంతా కట్టుకథ. నల్లగొండలో కాసిన ఎండే కొత్తకోటలోనూ కాస్తుంది. బెంగళూరు రోడ్డు మీద ఉన్నంత మాత్రాన ఆ ఊరికి బెంగళూరు గాలి రాదు.

అసలు జరిగింది చెప్తాను. తొంభైల చివర్లో నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. వాళ్ళకు ప్రాక్టికల్స్ కోసం సరైన పుస్తకం లేదు. బజార్లో దొరికేదాన్ని ఎవరో ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించారు, చదివితే నాకే అర్థం కాదు. నేనే ఒకటి రాద్దామనుకున్నాను. బొమ్మలతో, మన పిల్లలు మాట్లాడే మాటల్లో, జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి వాళ్ళ చేతుల్లో ఉండేట్టు. దానికోసం ట్యూషన్లు చెప్పి కంప్యూటర్ కొనుక్కున్నాను. హైదరాబాద్‌లో విడిభాగాలు కొని మా ముందు గదిలో దాన్ని బిగించినవాడు మా మరిది. డిప్లొమా చదివాడు. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టే హక్కు అతనొక్కడికే ఉన్నట్టు అందరూ నడుచుకునేవాళ్ళు.

మార్చిలో బిగించాడు, ఉగాది దాకా పని చేసింది. నలభై పేజీలు టైపు చేసి, బజార్లో ప్రింటు తీయించి పెట్టుకున్నాను. ఏప్రిల్ రాగానే మొదలైంది. పావుగంట నడిచేది, కీచుమని మోగేది, ఆగిపోయేది. అప్పటిదాకా కొట్టిన పేజీ గంగపాలు. మళ్ళీ ఆన్ చేస్తే పది నిమిషాలకే మోత.

మరిదికి ఫోన్ చేశాను.

"ఎండలు దంచుతున్నయ్ వదినా. అది మన లెక్క గాదు, నాజూకు సామాన్. కూలర్ వెట్టుండ్రి."

"మాకే కూలర్ లేదు తమ్మీ."

"మీకు లేకున్నా నడుస్తది. దానికి ఉండాలె."

కూలర్ కిరాయికి తెచ్చాం. మా అత్తమ్మ తన మంచాన్ని ఈడ్చుకొచ్చి కూలర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య వేసుకుంది. "నా బొక్కలకు లేని సల్లగాలి గా డబ్బకెందుకు పిల్లా" అంటూ మోకాళ్ళ ఎముకలు తడుముకుంది. నాకు కోపం రాలేదు, ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. ఏమైతేనేం, మంచం జరిపినా కంప్యూటర్ పావుగంటకే ఆగింది. తర్వాత స్టెబిలైజర్ మార్చమన్నాడు, మార్చాం. బల్లను గోడకు దూరం జరపమన్నాడు, జరిపాం. ఆఖరికి, "నువ్వు శానసేపు కూసుంటున్నవేమో వదినా, జర రెస్టియ్యి దానికి" అన్నాడు.

"పావుగంట శానసేపా తమ్మీ?"

ఫోన్ అన్నకిమ్మన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, రిసీవర్లోంచి ప్రతి మాటా వినపడుతూనే ఉంది. "అన్నా, వదిన ఏమన్న అడ్డగోలుగ నొక్కుతాందా జూడు. మూత మాత్రం తియ్యనియ్యకు, తీస్తె నాకు సంబంధం లేదు. గీ ఆదివారం వస్త. బాగు కాకుంటె నా సెంటర్‌కు తీస్కపోత. ఆడ ఏసీ పెట్టిస్తున్న." అప్పుడే అతను కొత్తకోటలో కంప్యూటర్ సెంటర్ తెరిచే హడావుడిలో ఉన్నాడు. మావారు సరే సరే అని పెట్టేశారు. మే నెల సగం గడిచింది. నా పుస్తకం నలభయ్యో పేజీ దగ్గరే ఉంది. ఆదివారానికి నాలుగు రోజులుంది.

ఆ రోజు కూర్చుని, కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డుతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. మా మరిది దాన్ని ఎన్నడూ తెరిచినట్టు లేదు, పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ కాగానే ఒక మీట నొక్కితే ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో తెర మీద చూపిస్తుందని అందులో ఉంది. ప్రాసెసర్ అంటే లోపల లెక్కలన్నీ చేసే చిప్పు. నొక్కి చూశాను. ఆన్ చేసిన నిమిషానికే అరవై డిగ్రీలు. చూస్తుండగానే డెబ్బై, డెబ్బై ఐదు. ఎనభై దాటగానే మోత.

రెండు రోజులు నోటుబుక్కులో రాశాను. పొద్దున ఆరింటికి గది చల్లగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం రెండింటికి గోడలు కాలుతున్నప్పుడు. పొద్దున ఎనభైకి చేరడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది, అంతే. చేరడం మాత్రం మానలేదు. మార్చిలో పరీక్షల హడావుడిలో పూటకు పది నిమిషాలకు మించి కూర్చోలేదు కాబట్టి అప్పుడు బయటపడలేదు. తప్పు ఎండదే అయితే పొద్దున ఆరింటికి ఎందుకు కాలుతుంది? ఈ ప్రశ్న నెల కిందటే వేసుకోవలసింది. మరిది చెప్పాడని కూలర్ తెచ్చిన నా మీద నాకే ఒళ్ళు మండింది.

శుక్రవారం మూత విప్పాను. ఎవరినీ అడగలేదు.

చిప్పు కనిపించదు. దాని మీద అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి, ఆ దిమ్మ మీద చిన్న ఫ్యాను ఉంటాయి. చిప్పు వేడిని దిమ్మ లాక్కుంటుంది, ఫ్యాను ఆ వేడిని ఊదేస్తుంది. ఫ్యాను తిరుగుతోంది, దుమ్ము లేదు. అంతా బాగానే ఉన్నట్టుంది. ఏం చెయ్యాలో తోచక పక్కింటామెను పిలిచాను. ఉర్దూలో అక్కను ఆపా అంటారు, నేనూ ఆమెను అట్లాగే పిలిచేదాన్ని. వాళ్ళది మోటార్ల వైండింగ్ షాపు. బోరుబావుల మోటార్లు కాలిపోతే రైతులు అక్కడికే తెచ్చేవాళ్ళు. బోర్డు మీద పేరు ఆమె భర్తది. రాగితీగ చుట్టేది మాత్రం ఆమె, ఇంట్లో వెనకవైపు కూర్చుని.

"నాకు గీ కంప్యూటర్లు ఏం ఎర్క టీచరమ్మా" అంటూనే వచ్చింది.

తెర మీద డెబ్బై ఎనిమిది చూపించి కరెంటు ఆపేశాను. ఆపా చేతి గాజులు పైకి తోసుకుని, అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు ఆ రెక్కలకు ఆనించింది. మోటార్ కాలిందా లేదా అని వాళ్ళు చూసేది అట్లాగే. ఆనించి తియ్యలేదు.

"ఎంతన్నవ్ వేడి?"

"డెబ్బై ఎనిమిది."

"ఝూట్. గిది సల్లారిన చాయ్ లెక్కున్నది. మోటర్ కాలితె బాడీ మీద చెయ్యి పెట్టనియ్యదు."

"లోపల చిప్పు కాలుతోంది ఆపా."

"మరి కాలితె గీడిదాంక రావాలె గద. ఎందుకు వస్తలేదు? మేమైతె మోటర్ల తీగెకు, ఇనుముకు నడుమ కాయిదం పెడ్తం, కరెంట్ దాటొద్దని. మీ మరిది గిట్ల కూడ ఏమన్న కాయిదం పెట్టిండా ఏంది?"

ఆమె నవ్వులాటకే అంది. నాకు నవ్వు రాలేదు. పదేళ్ళుగా క్లాసులో ఉష్ణ వహనం పాఠం చెప్తున్నాను. రెండు వస్తువులు ఒకదానికొకటి సరిగ్గా ఆనకపోతే వేడి దాటదని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అదే పాఠం నా బల్ల మీద నెల రోజులుగా మోగుతుంటే నేను కూలర్లో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

దిమ్మను పట్టి ఉంచే స్టీలు క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నొక్కి, దిమ్మను పైకి లేపాను. దాని అడుగున బూడిదరంగు మెత్తటి జిగురు పట్టీ ఉంది, చిప్పుకు అతుక్కుని వేడిని పైకి పంపాల్సింది అదే. ఆ పట్టీ మీద, నున్నగా, ఒక్క ముడత లేకుండా, పల్చటి నీలం ప్లాస్టిక్ కాగితం. బిగించే ముందు దీన్ని తీసెయ్యమని దాని మీద ఇంగ్లీషులో అచ్చేసి ఉంది.

ఆపా ఇంగ్లీషు చదవలేదు. అయినా ఆ కాగితాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అది చూడకపోవడం కాదు, నాకు బాగా తెలుసు. మా మరిది స్కూటర్ కొని రెండేళ్ళయినా సీటు కవరు తియ్యలేదు, ఎండలో కూర్చుంటే తొడలు కాలేవి. వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపుకు ప్లాస్టిక్, సోఫాకు ప్లాస్టిక్, గోడగడియారానికి ప్లాస్టిక్. మా ఇంటికి కంప్యూటర్ తెచ్చిన రోజే తెర మీది పొర నేను పీకేస్తే, "కొత్త సామాన్ కవర్ గట్ల పీకుతరా వదినా, పాతగైతది" అని బాధపడ్డాడు. కొత్త వస్తువు కొత్తగా కనపడాలంటే కవరు ఉండాలి. చిప్పు మీద కూర్చునే దిమ్మ కూడా కొత్తదే కదా. ఎవరికి కనపడాలని అక్కడ కవరు ఉంచాడో మాత్రం నాకు అర్థం కాలేదు.

కాగితం పీకేసి, దిమ్మను తిరిగి పెట్టి, క్లిప్పు బిగించి, ఆన్ చేశాను. నలభై ఎనిమిది. అరగంట తర్వాత యాభై రెండు. మధ్యాహ్నం రెండింటికి, కూలర్ లేకుండా, కిటికీ మూసి, యాభై నాలుగు. నలభై ఒకటో పేజీ మొదలుపెట్టాను.

మావారు భోజనానికి వచ్చారు. కాగితాన్ని ఆయన చేతిలో పెట్టాను. ఆయన అద్దాలు తెచ్చుకుని, దాని మీది అక్షరాలను పైకే చదివారు.

"చూసుకోలేదేమో వాడు" అన్నారు.

"చూసుకోక నెల రోజులు నన్ను దొంగను చేసిండు. నేనేదో అడ్డగోలుగ నొక్కిన్నట."

"జర ఊకో. ఆదివారం వస్తడు గద, నేనే చెప్త."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆయనే చెప్తారు కదా అని నేనూ ఊరుకున్నాను. నా జీవితంలో నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి.

ఆదివారం పొద్దున మరిది జీపులో దిగాడు. చూసి బాగుచేస్తానని వచ్చేవాడికి జీపెందుకో, వెనక పాత దుప్పట్లెందుకో అప్పుడే అర్థం కావలసింది. చాయ్ తాగాడు. మావారు పేపర్ తిరగేస్తున్నారు. నేను ఎదురుచూశాను. రెండో పేజీ, మూడో పేజీ. ఇక లాభం లేదని నేనే అన్నాను.

"తమ్మీ, నువ్వు దిమ్మ కింద ప్లాస్టిక్ కాగితం తియ్యకుండనే బిగించినవ్. నేను తీసిన. ఇప్పుడు మంచిగ నడుస్తుంది, చూడు."

"మూత తీసినవా వదినా?" అన్నాడు. అతని చెవికి ఎక్కింది ఆ ఒక్క ముక్కే.

"యాభై రెండు డిగ్రీలు. వచ్చి చూడు."

"గిది పొద్దుగాల గద. మధ్యాహ్నం కావాలె, అప్పుడు ఎర్కైతది."

"మధ్యాహ్నం గూడ చూసిన. యాభై నాలుగు."

"ప్లాస్టిక్ కాగితమా? ఏదీ, చూపియ్యి."

నేను మావారి వైపు చూశాను. మరిదీ చూశాడు, అత్తమ్మా చూసింది.

"చెప్పుండ్రి" అన్నాను.

ఆయన పేపర్ మడిచారు. "పోనియ్యి, ఇప్పుడు గదంత ఎందుకు" అన్నారు.

అంతే. ఆ మాటతో నా నోటుబుక్కులో రెండు రోజుల అంకెలూ, ఆపా సాక్ష్యమూ, చిప్పూ అన్నీ కొట్టుకుపోయాయి. ఆపాను పిలుస్తానని లేస్తే అత్తమ్మ, "గామెకేం ఎర్క, మోటర్లు చుట్టుకునేటామె. వాడు చేసిండు, వానికి ఎర్క" అంది. మరిది నవ్వు ఆపుకోలేదు. "మూత తీసినంక ఇగ ఈడ ఉంచుడు కాదు అన్నా. పదిహేను రోజులు నా దగ్గర పెట్టుకోని పరీక్ష చేసి తెస్త." మంచిగా నడుస్తున్న యంత్రాన్ని పరీక్షకు తీసుకుపోయేవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. నేను అన్నాను, చాలా అన్నాను, జీపు సందు మలుపు తిరిగేదాకా. మిగతా పేజీలు చేత్తో రాసి జిరాక్స్ తీయించాను. బొమ్మలు సరిగ్గా పడలేదు. జూన్‌లో పిల్లలకు ఇచ్చింది అదే.

ఆగస్టులో కొత్తకోటకు పోయాం. సెంటర్లో ఆరు కంప్యూటర్లున్నాయి, నాది మొదటి వరుసలో ఉంది. తెర మీద మళ్ళీ కొత్త ప్లాస్టిక్ పొర తొడిగారు. తల ఎత్తి చూశాను. సీలింగ్ ఫ్యాను ఒకటి, అదీ మెల్లగా తిరిగేది. ఏసీ పెట్టడానికని గోడకు తవ్విన కన్నానికి అట్టముక్క కొట్టి ఉంది. నా కంప్యూటర్ ఆన్ చేసి ఆ మీట నొక్కాను. యాభై ఒకటి. అత్తమ్మను పిలిచి చూపించాను. "చూసినవా, వాని చేతిల పడితె ఎట్ల నడుస్తాందో" అంది.

చెప్పేవాళ్ళు చెప్పుకోనీ, మరిదితో నాకు లెక్క తెగిపోయింది. అతనికి ఒక మిషన్ కావాలి, తీసుకుపోయాడు, కనీసం ఎందుకు తీసుకుపోయాడో తెలుస్తోంది. నాకు తెలియంది వేరే ఉంది. ఆ ఆదివారం జీపు పోయాక మావారి చొక్కాలన్నీ వెతికాను. ఆ నీలం కాగితం ఏ జేబులోనూ లేదు. అడిగితే, "యాడనో పడిపోయి ఉంటది" అన్నారు. ఇరవై ఏళ్ళ నుంచి అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. ఇల్లంతా చెప్పుకునే ఆ కథను ఈ మనిషి ఒక్క మాటతో ఆపగలిగేవాడు. అందుకే ఇది మీరు చదువుతారని తెలిసే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం అక్షరాలు పైకి చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నప్పుడు, అది తమ్మునికి చూపించడానికే దాచారా, లేక ఎవరికీ దొరక్కుండా చెయ్యడానికా?