మూతపడ్డ గని నుంచి ఫోను

మంగళవారం, సాయంత్రం నాలుగూ పది. తాండూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను అప్పుడే చేరిన ఆపరేటర్ని. అవతల ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద వాళ్ల నంబరు రేకు పడుతుంది. ఆ వేళ ఒకటి టక్కున పడింది. (గడియారం చూసి రాసుకునే జబ్బు నాకు అప్పటికే ఉంది.)

ఆ రోజుల్లో లైన్ అనే ఒక్క ఇంగ్లీషు మాట లేకపోతే మా ప్రాంతంలో సగం పనులు ఆగిపోయేవి. చక్కెర కోసం లైన్ కట్టేవాళ్లం, రైలు లైన్ దాటేవాళ్లం, గాలివానకు కరెంటు లైన్ పోయేది, కాలేజీ పిల్లలు అమ్మాయిలకు లైన్ వేసేవాళ్లు. వికారాబాద్‌లో ఉన్న మా చిన్నమ్మకైతే నా ఉద్యోగమే అంతుపట్టలేదు. "దినమంత లైన్ల ఉంటవా బిడ్డా? జర కూసోనిస్తరా లేదా?" అని దిగులుపడేది.

ఆ మంగళవారం "నంబర్ ప్లీజ్" అన్నాను. అవతల తడి గొంతుతో ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు బరబరమని చప్పుడు. బుధవారం అదే వేళకు మళ్లీ. గురువారం మా లైన్‌మన్ మామను అడిగాను. "గది కరణ్‌కోట దిక్కు మూతపడ్డ గని నంబరు బిడ్డా. గాడ మనిషే లేడు. ఆఖరుకున్న వాచ్‌మన్ ఫోన్ చేతుల పట్టుకొనే పానం ఇడిసిండంటరు" అన్నాడు మెల్లగా.

శుక్రవారం రేకు పడగానే నేను కేక పెట్టాను. (ఒక్కసారే. పక్క సీటు అక్క నాలుగని చెప్పింది.) సూపర్‌వైజర్ సారు పిలిచాడు. నా నౌకరి ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. "దయ్యాలకు కనెక్షన్ ఇచ్చేటోళ్లు నాకొద్దమ్మా. సోమవారం లోపట ఆ లైన్ల ఎవరున్నరో చెప్పు. లేకుంటే వికారాబాద్ బండెక్కు." బండెక్కితే మళ్లీ చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చోవడమే.

ఆదివారం సాయంత్రం మామను బతిమాలి, ఆయన సైకిల్ వెనక కూర్చుని వెళ్లాను. గని నిండా కదలని పచ్చటి నీళ్లు. రాతి దుమ్ముతో తెల్లబడిన ఆఫీసు గది. లోపల బల్ల ఉంది, ఫోను లేదు. "ఫోనే లేకుంటే చేసేదెవరు మామా?" అన్నాను. మామ హనుమంతుణ్ణి తలచుకోసాగాడు. గది వెనక్కి వెళ్లి చూస్తే, మసక వెలుతురులో తల లేని మనిషి ఒకడు చేతులు చాచి గాల్లో ఊగుతున్నాడు. మామ పారిపోయాడు. నా కాళ్లు కదల్లేదు గనుక నేను ధైర్యస్థురాలిగా మిగిలాను.

"కౌన్ హై? ఎవరమ్మా?" అంటూ బకెట్టుతో ఒక ఖాలా (ఉర్దూలో చిన్నమ్మ అన్నమాట) వచ్చింది. బండలు కొట్టే పనివాడి ఇల్లాలు. ఈమధ్యే పక్క క్వార్టరులో దిగిందట. స్తంభం నుంచి వేలాడుతున్న రెండు టెలిఫోన్ తీగలను కిటికీకి కట్టి దండెం చేసుకుంది. రోజూ నాలుగింటికి తడి బట్టలు ఆరేసేది. వాటి తడికి తీగలు రెండూ కలిసి ఎక్స్ఛేంజిలో రేకు పడేది, గాలికి రాసుకుంటే ఆ బరబర వినబడేది. ఊగుతున్నది ఆమె భర్త కుర్తా.

సంగతి చెబితే ఆమె పగలబడి నవ్వింది. "యా అల్లా! మా ఆయన నాతోనే మాట్లాడడు, ఆయన కుర్తా నీకు ఫోన్ చేస్తున్నదా బేటీ?"

తిరిగొచ్చిన మామ తీగలు కోసేశాడు. సోమవారం సారు సంతకం పెట్టి, అందరి ముందూ "కుర్తా మేడం" అని పిలిచాడు. రిటైరయ్యేదాకా అదే నా పేరు. ఆ సాయంత్రం నాలుగూ పదికి బోర్డు వైపు చూశాను. రేకు పడలేదు. నేను హమ్మయ్య అనుకోవాలి కదా! కాసేపు వట్టి హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాను.

పోయినవి: ఖాలాకు ఒక దండెం. మామకు ధైర్యవంతుడన్న పేరు. నాకు ఐదు రాత్రుల నిద్ర, ఇంకా, చెప్పేందుకు ఏమీ లేకపోయినా రోజూ నాలుగూ పదికి లైన్ వదలని ఒకే ఒక్కడు.