కాల్చొద్దన్న చిన్నాయన

మా చిన్నాయన సైన్యంలో హవల్దారుగా చేసి కొమరోలుకు తిరిగొచ్చాడు. యుద్ధం ఊసెత్తితే, "తొందరపడితే మనోళ్లనే చంపుకుంటాం" అని ఊరుకునేవాడు. ఎందుకలా అనేవాడో ఒక వేసవిలో తెలిసింది. ఆయనతో పనిచేసిన పంజాబీ జవాను ఒకాయన భార్యనీ కూతురినీ తీసుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అందరి ముందూ ఆ సంగతి హిందీలో చెప్పాడు; నేను ఇంట్లోవాళ్లకు తెలుగులో చెబుతూ పోయాను.

సరిహద్దులో ఒక ఉదయం మంచు దట్టంగా కమ్మింది. చిన్నాయన కాపలా ఉన్న చౌకీ వైపు కొందరు కొండెక్కి వస్తున్నారు. అటునుంచి మనవాళ్లెవరూ రారని ముందే కబురుంది. వైర్‌లెస్ పనిచేయడం లేదు. జవాన్లు తుపాకులు గురిపెట్టారు. చిన్నాయన కాల్చొద్దని ఆపి, ఎవరని కేక వేశాడు. గాలి హోరులో జవాబు వినపడలేదు. వచ్చేది శత్రువులైతే మొదటి తూటా తనకే అని తెలిసీ, ఇసుక మూటల చాటునుంచి లేచి నిలబడి మళ్లీ అరిచాడు. ఈసారి కిందినుంచి సంకేతపదం వినిపించింది. దారి మూసుకుపోయి చుట్టుతిరిగి వస్తున్న మన గస్తీ దళం అది. అందులో ఈ పంజాబీ ఆయన ఉన్నాడు.

"ఇన్నేళ్లూ మాకు చెప్పలేదేందయ్యా?" అంది పిన్నమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"చెప్పేదానికేముంది? కాల్చలేదు, అంతే గదా" అన్నాడు చిన్నాయన.

ఆ పంజాబీ ఆయన తన కూతురిని ముందుకు పిలిచి చిన్నాయన కాళ్లకు దండం పెట్టించాడు. ఆ పాప పుట్టింది ఆ ఉదయం తర్వాతే.