ఎడమ వైపు నంబర్లు

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నేను రాసిన ప్రోగ్రాములు రెండు, మార్చిన ఎడిటర్లు ఐదు. ఎడిటరంటే ప్రోగ్రాము టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు; ఆ పనికి నోట్‌ప్యాడ్ చాలు. కానీ నోట్‌ప్యాడ్ వాడేవాణ్ణి మా క్లాసులో మనిషి కింద లెక్కేసేవారు కాదు. ఐదో ఎడిటర్‌లో నల్ల తెర, పచ్చ అక్షరాలు, ప్రతి లైనుకీ ఎడమ పక్క ఒక నంబరు. తప్పు ఏ లైన్లో ఉందో నంబరు చూసి పట్టుకోవచ్చు. రాస్తే కదా తప్పు. అయినా ఏ ఫైలు తెరిచినా అందులోనే తెరుచుకునేలా పెట్టేశాను.

ఆ కంప్యూటర్లో డాడీకి కూడా వాటా ఉంది. బోయిగూడలో టీచరు. ఆ నెలే మా చర్చికి సెక్రటరీ అయ్యాడు. పాత సెక్రటరీ అంకుల్ ఏళ్ళ తరబడి ఆరాధన క్రమాన్ని చేత్తో రాసి జిరాక్సు తీయించిన మనిషి. "కంప్యూటర్ల కొడ్తరా సార్? చూద్దాం తీయండి" అన్నాడట. అది డాడీకి గుచ్చుకుంది. కోతల పండుగకి తన తొలి షీటు మచ్చ లేకుండా రావాలని, శనివారమంతా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు.

"ఈ నంబర్లేంట్రా?"

"ఉంటే లుక్కు, డాడీ."

నమ్మి ప్రింటు తీశాడు.

మా చర్చిలో పాటను మాటలతో ఎవరూ వెతకరు, నంబరుతోనే. డాడీ పాటల పుస్తకం నంబరును లైను చివర వేశాడు. నా ఎడిటర్ తన లైను నంబరు పదిహేడును ముందు వేసింది. కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలల మధ్య నిలబడి పాస్టరుగారు "పాడుదాం" అన్నారు. కుడి వైపు చూసినవాళ్ళు కృతజ్ఞతా కీర్తన ఎత్తుకున్నారు. ఎడమ వైపు చూసినవాళ్ళు పదిహేడోది ఎత్తుకున్నారు. అది భూస్థాపన పాట, సమాధి దగ్గర పాడేది. వాళ్ళే ఎక్కువ, పైగా వాళ్ళకే బాగా వచ్చు. చరణం అయ్యేసరికి పంట చేతికొచ్చిందో, పోయిందో తెలియలేదు.

బయట అంకుల్ డాడీ పక్కకి చేరాడు. "నా చేతిరాతకు ఎన్నడు గిట్ల కాలే సార్."

"మావాడు ఎడిటర్ ఎంచుకుంటున్నాడండీ" అన్నాడు డాడీ, జబ్బు పేరు చెప్పినట్టు.

"అయ్యో. ఎన్ని దినాల సంది?"

"ఏడాది."

తర్వాతి శనివారం బుద్ధిగా నోట్‌ప్యాడ్ తెరిచి డాడీని పిలిచాను. ఆయన కంప్యూటర్ వైపే చూడలేదు. తెల్లకాగితాల కట్ట నా ముందు పెట్టాడు.

"రాయి. ఎనభై కాపీలు. జిరాక్సు లేదు."

"నీలం పెన్నా, నల్లదా?"

డాడీ జేబులోంచి పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసిచ్చాడు.

ఆ ఆదివారం చర్చంతా ఒకే పాట పాడింది. అంకుల్ ఎర్ర అక్షరాల షీటు తిప్పి తిప్పి చూశాడు. "దిద్దిన పరీక్ష పేపర్ లెక్కుంది సార్."

"అదేనండీ" అన్నాడు డాడీ.