శుభలేఖలో ముందెవరు?

మా ఇళ్ళలో శుభలేఖ మీద పెళ్ళికూతురి పేరు తప్పు పడినా సర్దుకుంటారు. అడుగున 'ఆహ్వానించువారు' అని పెద్దల పేర్లు వేస్తారే, అక్కడ ముందువెనకలు తప్పితే మాత్రం పెళ్ళికి రారు.

రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో నా మనవరాలి పెళ్ళికి అదే గొడవ. వయసులో అందరికన్నా పెద్ద నా ఆడపడుచు. ఇంటికి పెద్దకోడలు నా తోటికోడలు. రెండో చోట పేరుంటే చిలకలగూడ నుంచి కదలనని ఒకామె, మల్కాజ్‌గిరి దాటనని ఇంకొకామె. సాయంత్రానికల్లా రెజిమెంటల్ బజార్‌లోని ప్రెస్సుకు పేర్లు చేరాలి.

పెళ్ళికూతురే కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రోగ్రాములు రాయడం దాని ఉద్యోగం.

"మనకెందుకు నానమ్మా కొట్లాట? మిషనే వరస పెడతది" అంటూ పేర్లు, వయసులు, చుట్టరికాలు కొట్టింది. మిషను మొరాయించింది.

"ఏందే, దానికి సుత మీ తాత అక్కంటే భయమా?"

"కాదే! నడిచే ముందే రాసిందంతా చదివి తప్పులు పడతదిది. అంకెలల్ల ఏది పెద్దదో దానికి ఎరుకే. నేను 'చుట్టం' అని కొత్త రకం చేసిన. ఇద్దరు చుట్టాలను ఎట్ల పోల్చాలో చెప్పలేదని ఆపింది."

"చెప్పు మరి."

"జవాబులు మూడే. చిన్న, సమానం, పెద్ద. వయసు చూడుమంటే ఒకామె అలుగుతది, కోడరికం చూడుమంటే ఇంకొకామె."

ఈ పిల్ల బడికి వెళ్ళే రోజుల్లో దీని పలక మీదే నేనూ అక్షరాలు దిద్దాను. అచ్చులో నా పేరు అన్నిటికన్నా పైన ఎన్నడూ చదువుకోలేదు.

"అందరూ సమానమే అని రాస్తే?"

"అప్పుడు ఎవ్వరినీ కదపదు. మనం ముందు కొట్టినోళ్ళు ముందే ఉంటరు. ఎవరిని కొట్టాలె? మళ్ల అదే పరేషాన్!"

"నన్ను కొట్టు."

"నువ్వు అందరికన్నా చిన్నదానివి గదా!"

"సమానమంటివి గదనే!"

అది నవ్వుతూనే కొట్టింది.

పెళ్ళినాడు ఆ ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు. నా కింద రెండెవరో మూడెవరో చూసుకోనే లేదు.

"మా నెత్తినెక్కుతవా? జెర సిగ్గుండాలె!" అంది తోటికోడలు.

"ఆగు, నేను పెద్దదాన్ని. ముందు నేను తిడత" అంది ఆడపడుచు.

"నువ్వెట్ల ముందు? ఈ ఇంటి పెద్దకోడల్ని నేను!"

అది తేలేలోపు నేను వెళ్ళి మొదటి పంక్తిలో కూర్చున్నాను.