అత్తయ్య సొంత పరీక్ష

ఎందరో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసిన బ్యూటీపార్లర్ అత్తయ్యకు క్లినిక్‌లో కాలు నిలవడం లేదు. వాలిన కనురెప్పలు చూపుకు అడ్డొస్తుంటే, వాటిని పైకెత్తే ఆపరేషన్‌కు వచ్చింది. రెప్పవెంట్రుకలు పెంచే మందు మానమని డాక్టరమ్మ ముందే చెప్పింది; అత్తయ్య మానేసింది కూడా. కానీ కొత్త సీసా ఏదొచ్చినా తన రెప్పలకు రాసి చూడనిదే ఎవరికీ రాయదు. ఆ అలవాటుకొద్దీ నిన్న పార్లర్‌కొచ్చిన కొత్త సీసాలోని ఆ మందే రాసేసుకుంది. పొద్దుటి నుంచీ కళ్లు మంట.

"చెప్పకే అక్కా, వాయిదా వేస్తారు," అని తోడొచ్చిన చెల్లెలు గిల్లింది.

"కళ్లు నావా, నీవా?" అని అత్తయ్య లోపలికెళ్లి చెప్పేసింది.

డాక్టరమ్మ కళ్లు చూసి, "ఎర్రబడ్డాయి. తగ్గాకే ఆపరేషన్. తర్వాత కూడా నేను సరేననేదాకా ఆ మందు ముట్టొద్దు," అంది.

అత్తయ్య ప్రాణం ఉసూరుమంది. "నా పార్లర్‌లో ఇన్నాళ్లూ ఎవరి కన్నూ ఎర్రబడలేదమ్మా," అంది.

"మీ కన్ను లెక్కలోకి రాదా?"