కిక్కరు తాగిన మజ్జిగ

2005 అక్టోబరులో నేను ఏలూరులో జిల్లా హాకీ కోచ్‌ని. రాష్ట్ర జూనియర్ బాలికల శిబిరానికి జిల్లా నుంచి ఒకే ఒక్క గోల్‌కీపర్‌ను పంపాలి. పోటీలో ఇద్దరున్నారు. ఒకరు నేను తయారుచేసిన నాగమణి, కొల్లేటి లంక పిల్ల. ఆమె గోలుకు అడ్డం నిలబడితే గాలి కూడా అనుమతి అడిగి వెళ్లేది. రెండో అమ్మాయిది తాడేపల్లిగూడెం. ఎంపిక మ్యాచ్ అక్కడే పెట్టారు.

కాళ్లకు ప్యాడ్లు, బూట్ల మీద తొడిగే దిమ్మల్లాంటి కిక్కర్లు, ఛాతీకి కవచం, తలకు హెల్మెట్. గోల్‌కీపరంటే ఎండలో ఒక రైసుమిల్లును ఒంటికి కట్టుకుని గెంతడమే. కళ్లు తిరిగి పడిపోతారని నేనొక నియమం పెట్టాను: ఖాళీ కడుపుతో ఎవరూ ఆడకూడదు, విరామంలో నా కళ్లముందే గ్లాసుడు మజ్జిగ తాగాలి. కాదంటే బెంచీయే.

ఆ రోజు బస్సు ఏలూరు దాటకుండానే నాగమణి నిద్రపోయింది. మైదానంలో దిగాక ఎదుటి గోల్‌కీపర్‌తో ఏదో గుసగుసలాడి నవ్వింది. నాకు అనుమానం మొలిచింది. పిల్లి కూడా ఆపగల బంతిని వదిలేసేసరికి అది మానై కూర్చుంది. పిల్లను కొనేశారు.

విరామంలో గ్లాసెత్తింది. గ్లాసు ఖాళీ అయింది గానీ గొంతు కదల్లేదు. కాసేపటికి కిక్కరులోంచి తెల్లటి ధార కట్టింది.

"ఏవమ్మా, మజ్జిగ కాలితో తాగుతున్నావా?"

"అబ్బే, లేదండీ."

"ఆ అమ్మాయితో ఏం మాట్లాడుకున్నావు? గోల్స్ వదిలేస్తానన్నావా?"

"అయ్యో, అదేం మాటండీ."

గ్లవ్స్ తీయమన్నాను. అరచేతులు గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి.

"అట్లతద్దండి. తెల్లారకుండా తిన్నాం. చందమామ కనపడేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదండి. ఆ అమ్మాయిదీ ఉపోషమే. చెప్తే మీరు బెంచీ మీద కూర్చోబెడతారు. సెలక్టరు గారు బెంచీని చూడరు కదండీ."

నియమం నాది. కూర్చోబెడితే ఆ పిల్ల శిబిరం పోతుంది, ఆడిస్తే ఆ పిల్లే పడిపోతుంది. నేరుగా సెలక్టరు గారి దగ్గరికి వెళ్లి, గోల్‌కీపర్ల పరీక్ష రేపు పొద్దున్న పెట్టమన్నాను.

"ఎందుకండీ?" అన్నారాయన, నన్ను పైనుంచి కిందకి చూస్తూ. నా అనుమానం ఆయనకు అంటుకుంది.

"కిక్కరులో మజ్జిగ పడిందండి. కాలు జారుతోంది." అబద్ధం కాదు.

గూడెం కోచ్‌ని అడిగితే, తన పిల్లదీ ఉపోషమే కనక, ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. దాంతో సెలక్టరు గారి అనుమానం రెట్టింపయింది. మర్నాడు ఇద్దరిమీదా కసిగా, రెండు జిల్లాలకు సరిపడా బంతులు కొట్టించారు. అట్లు తిని వచ్చిన నాగమణి గూడెం అమ్మాయికన్నా ఎక్కువ ఆపింది. శిబిరానికి ఆమే వెళ్లింది.

గోల్‌కీపర్ తడబడితే ముందు తిన్నదేమిటో అడగాలి, ఎవరితో మాట్లాడిందో తరవాత. కూర్చోబెడతానని బెదిరిస్తే ఆకలి మానదు, చెప్పడం మానేస్తారు. రిటైరయ్యేదాకా నేను పంచాంగం చూడకుండా బాలికల మ్యాచ్‌కి తేదీ వేయలేదు.